వెంకటలక్ష్మి గారి పేరూ, మా పైకాన్ ప్రయాణమూ

సభకు నమస్కారం.

ఇక్కడికి పిలిచినవారు నాకు అప్పగించిన విషయం, డెవలపర్ల సదస్సుకు వెళ్లడం వల్ల ఒక చిన్న జట్టుకు ఒరిగేదేమిటి అన్నది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2018 అక్టోబరులో మేం ఐదుగురం విజయవాడలోని మా ఆఫీసుకు తాళం వేసి, హైదరాబాద్‌లో జరిగిన, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల పైకాన్ ఇండియా సదస్సుకు వెళ్లి తిరిగొచ్చినప్పుడు, మా సంస్థలో డబ్బు పెట్టిన పెద్దాయన అడిగిందీ ఇదే. కాకపోతే ఆయన మాట ఇంకాస్త సూటిగా ఉంది. "అన్ని రోజులు పని మానుకుని వెళ్లారు కదమ్మా, ఏం పట్టుకొచ్చారు?" అన్నారు. అప్పటికప్పుడు ఆయన బల్ల మీద పెట్టగలిగినవి ఐదు టీషర్టులు, ఒక గుప్పెడు స్టిక్కర్లు. ఆయన వాటిని చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "సరే, తీరిగ్గా చెప్పు" అని ఊరుకున్నారు. ఆ తీరిక నాకు ఇన్నేళ్లకు మీ ముందు దొరికింది.

ముందు మేమెవరమో చెప్పాలి. పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న జట్టు మాది. ఊళ్లో పొద్దున, సాయంత్రం పాలు పోసేవారి పేరు, లీటర్లు, వెన్న శాతం నమోదు చేసుకుని, ఆ పూట వారికి రావాల్సిన డబ్బు లెక్కకట్టి, సెల్‌ఫోనుకు తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ పంపడం ఆ ప్రోగ్రాం పని. మొత్తం పైథాన్ భాష పాత రూపమైన 2.7లో రాశాం. కొత్త రూపమైన పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. అంటే పదేళ్లుగా ఆ ఇంటికి మారకుండా పాత ఇంట్లోనే కాపురం చేస్తున్నామన్నమాట. ఈలోగా, 2020 జనవరి 1 తర్వాత పైథాన్ 2ను ఎవరూ పట్టించుకోరని దాని తయారీదారులు తేల్చి చెప్పేశారు. ఇంకా పదిహేను నెలలు కూడా లేవు. మారడమెలాగో తెలుసుకుని రావాలన్నదే ఆ ప్రయాణానికి మేం చెప్పుకున్న కారణం, టికెట్ల డబ్బు అడిగేటప్పుడు కాగితం మీద రాసిన కారణం కూడా అదే.

పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులోని ఐఐఎస్సీలో మొదలైంది. తర్వాత పుణె, ఢిల్లీ కూడా తిరిగి, పదో ఏట తొలిసారిగా హైదరాబాద్ వచ్చింది. దీన్ని నడిపేది ఏదో పెద్ద కంపెనీ అని మావాళ్లలో ఇద్దరు అనుకున్నారు. నిజానికి పైథాన్ సాఫ్ట్‌వేర్ సొసైటీ ఆఫ్ ఇండియా నీడలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే దీన్ని నిలబెడుతున్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని ప్రసంగాల ప్రతిపాదనలు చదివి, భోజనాల లెక్కలు వేసి, మైకులు మోసేవాళ్లు వీళ్లు. ఆ సొసైటీకి ఊపిరి పోసినవారిలో ఒకరైన కెన్నెత్ గొన్సాల్వెస్ 2012లో కన్నుమూశారు. ఆయన పేరిట ఏటా ఒక పురస్కారం ఇస్తారు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. పదేళ్లుగా వాడుతున్న వస్తువు వెనక మన దేశంలో ఎవరు చెమటోడుస్తున్నారో తెలియకుండానే అంత పని చేశానా అని కొంచెం సిగ్గుపడ్డాను.

సదస్సు జరిగింది మాదాపూర్ పక్కన పెద్ద సమావేశ కేంద్రమైన హెచ్‌ఐసీసీలో. మెట్రో అప్పటికి హైటెక్ సిటీ దాకా రాలేదు, ఆ దారి తెరిచింది 2019 మార్చిలో. కాబట్టి మేం అమీర్‌పేటలో దిగి, అక్కణ్నుంచి బస్సెక్కాం. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు. మా ఐదుగురిలో ముగ్గురు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఆ అమీర్‌పేట సందుల్లోనే. గోడల నిండా కోర్సుల పోస్టర్లు, చేతిలో పెట్టే పాంప్లెట్లు, నలభై ఐదు రోజుల్లో ఉద్యోగమనే హామీలు, మెట్ల మీద నిలబడి నోట్సు రాసుకునే పిల్లలు, ఇవన్నీ దాటుకునే సదస్సుకు వెళ్లాం. అమీర్‌పేటలో చదువు ఒక దిక్కుగా ప్రవహిస్తుంది. చెప్పేవాడు చెబుతాడు, వినేవాడు రాసుకుంటాడు, అనుమానం వచ్చినా అడిగే వ్యవధి ఉండదు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆ చదువే మాకు అన్నం పెట్టింది. అయితే ఆ అలవాటుతోనే సదస్సుకూ వెళ్లాం. మొదటి రోజంతా ముందు వరుసల్లో కూర్చుని, కనబడిన ప్రతి స్లైడునూ ఫొటో తీసి, సాయంత్రానికి ఫోన్లు నింపేసుకున్నాం. ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా నేను మళ్లీ తెరిచి చూడలేదు.

పైగా ఐదుగురం ఒక్క గుంపుగా తిరిగాం. ఒకే హాలుకు వెళ్లాం, ఒకే వరుసలో కూర్చున్నాం, భోజనం దగ్గర కూడా మాలో మేమే వలయం కట్టి నిలబడ్డాం. సాఫ్ట్‌వేర్ వాడే తీరు వివరించే పత్రాలు ఉంచే రీడ్ ది డాక్స్ వెబ్‌సైటు వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎరిక్ హోల్షర్ ప్రచారం చేసిన ఒక చిన్న పద్ధతి ఉంది. దాన్ని ప్యాక్‌మ్యాన్ నియమం అంటారు. నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు వలయాన్ని పూర్తిగా మూసేయకుండా, ఆ పాత వీడియో గేమ్‌లో నోరు తెరిచిన బొమ్మలాగా, ఇంకొకరు వచ్చి నిలబడేంత ఖాళీ వదలాలి. ఆ సంగతి ఎవరో చెప్పేదాకా మా వలయానికి సందే లేదు. ఆ రాత్రి బసకు వెళ్లాక ఒక నిర్ణయం తీసుకున్నాం. రేపు ఏ ఇద్దరమూ ఒకే హాలులో కూర్చోకూడదు, ఒకే బల్ల దగ్గర తినకూడదు, రాత్రికి మాత్రం అందరం కలిసి కూర్చుని ఎవరు ఏం విన్నారో చెప్పుకోవాలి. మా ప్రయాణంలో పనికొచ్చిన భాగమంతా ఈ నిర్ణయం తర్వాత జరిగిందే.

ఇప్పుడు అసలు విషయం. మా ప్రోగ్రాంలో ఒక తప్పు ఉండేది. దాన్ని మేం రెండేళ్లుగా మోస్తున్నాం, బయట ఎవరికీ చెప్పుకోలేదు. పాలు పోసే ఒకావిడ పేరు ఎస్సెమ్మెస్‌లో సగమే వచ్చేది. అసలు పేరు చెప్పను. అదే కొలతకు సరిపోయే మరో పేరు, వెంకటలక్ష్మి అనుకుందాం.

ఇంగ్లీషులో పంపే ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో పంపితే 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు, కంప్యూటరు లెక్కపెట్టే కోడ్ పాయింట్లు, అంటే అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న యూనికోడ్ ప్రమాణంలో ఒక్కో గుర్తుకు ఇచ్చిన స్థానాలు. మనకు 'క్ష్మి' ఒక్క అక్షరం. కంప్యూటరుకు అందులో క, దాని కింద పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, చివర గుడి, మొత్తం ఆరు ఉన్నాయి. వెంకటలక్ష్మి అన్న పేరును మన బడిపిల్ల చదివితే వెం, క, ట, ల, క్ష్మి, ఐదు అక్షరాలు. కంప్యూటరుకు పన్నెండు. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో డిస్కు మీద రాస్తే తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు చొప్పున ముప్పై ఆరు.

మేం పంపే సందేశం ఇలా ఉండేది. ముందు పేరు, ఆ తర్వాత "గారూ, మీ పాలు 4.5 లీ. విజయవంతంగా నమోదు చేయబడినది. రూ.162.40". డబ్బు అంకె పోకూడదు, లీటర్లు పోకూడదు. కాబట్టి మిగతాదంతా కొలిచి చూసి, పేరుకు పది స్థానాలు మిగిలాయని తేల్చి, పేరు అంతకు మించితే కోసేయమని రాశాం. ప్రోగ్రాంలో మాటలు దాచుకునే రూపాన్ని స్ట్రింగు అంటారు. పైథాన్ 2లో మామూలు స్ట్రింగు అంటే బైట్ల వరుస. పది స్థానాలన్నది పది బైట్లయి కూర్చుంది. అంటే మూడు గుర్తులు, నాలుగో దానిలో మూడో వంతు. ఆవిడ ఫోనులో 'వెం' అని, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం గుర్తు కనబడేవి. మా కుర్రాడొకడు దాన్ని యూనికోడ్ స్ట్రింగుగా మార్చి బాగుచేశానన్నాడు. ఇప్పుడు సరిగ్గా పది కోడ్ పాయింట్లు వచ్చాయి. 'వెంకటలక్ష్'. పొల్లు దగ్గర ఆగిపోయింది. ఆవిడ సేకరణ కేంద్రానికి వచ్చి, "నా పేరు నోట్లోనే ఉండిపోయినట్టుంది నాయనా" అన్నదట.

ఇది తెలుగుతో వచ్చిన తంటా అనీ, అందులోనూ మా చేతకానితనమనీ మేం నమ్మాం. పైథాన్ 3కు మారితే అదే పోతుందనీ అనుకున్నాం. సదస్సులో రెండో రోజు ఉదయానికే ఆ ఆశ పోయింది. మారే పద్ధతుల గురించి మావాళ్లలో ఒకరు విన్న ప్రసంగం బాగానే ఉంది, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్షలు ముందు రాసుకోమని, ఒకేసారి కాకుండా ఫైలు తర్వాత ఫైలు మార్చుకోమని చెప్పారట. కానీ పైథాన్ 3 కూడా లెక్కపెట్టేది కోడ్ పాయింట్లనే. అక్కడా ఆ పేరు పొడవు పన్నెండే, అక్కడా పది దగ్గర కోస్తే మిగిలేది 'వెంకటలక్ష్' మాత్రమే.

సదస్సుల్లో లైట్నింగ్ టాక్స్ అని ఉంటాయి. ఎవరైనా పేరు రాసి ఇవ్వొచ్చు, ఐదు నిమిషాలకు మించి మాట్లాడనివ్వరు. మాలో అందరికంటే చిన్నదైన అమ్మాయి, చేరి అప్పటికి ఎనిమిది నెలలే, నాకు చెప్పకుండా పేరిచ్చేసింది. తీరా వంతు వచ్చేసరికి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నా వల్ల కాదు, ఇంతమందిలో మన తప్పు చెప్పుకుంటే ఏమనుకుంటారు?" అంది. ఆ అనుమానం నాకూ ఉంది. అయినా వెళ్లమన్నాను. నా ధైర్యమేమీ కాదు, అప్పటికే ఆమె పేరు పిలిచేశారు. ఆమె చూపించింది ఒక్కటే స్లైడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో, వెంకటలక్ష్. తెలుగు వచ్చినవాళ్లు గొల్లున నవ్వారు. పక్కవాళ్లు అడిగి తెలుసుకుని వాళ్లూ నవ్వారు. ఆమె మూడు నిమిషాల్లో ముగించి, "దీనికి దారి తెలిసినవాళ్లు బయట కాఫీ బల్ల దగ్గరికి రండి" అని దిగిపోయింది.

ఎవరో ఒకరిద్దరు వస్తారనుకున్నాం. వచ్చింది పదిమందికి పైగా. ఒక మరాఠీ కుర్రాడు దేవనాగరిలో లక్ష్మీ అన్న పేరు తమ దగ్గరా ఇలాగే తెగుతుందని కాగితం మీద రాసి చూపించాడు. ఒక మలయాళీ ఆయన సంగతి ఇంకా విచిత్రం. మలయాళంలో చిల్లక్షరాలని ఉంటాయి, అచ్చు లేకుండా పలికే హల్లులకు విడి రూపాలు. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1 వాటికి విడిగా స్థానాలిచ్చింది. అంతకుముందు రాసినవి పాత పద్ధతిలో, తర్వాత రాసినవి కొత్త పద్ధతిలో ఉండిపోయాయి. కంటికి ఒకేలా కనబడే పదాన్ని వెతికితే కంప్యూటరు దొరకలేదంటుంది. అది విన్నప్పుడు మాకు మా మరో తలనొప్పి గుర్తొచ్చింది. తెలుగులో సాఫ్ట్‌వేర్ అన్న మాటను కొందరు మధ్యలో కనబడని ఒక విడదీత గుర్తు పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. వెతుకులాటలో ఆ రెండూ కలవవు. ఐత్వం గుర్తు కూడా అంతే, ఒకే కోడ్ పాయింటుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో తోక కలిపి రెండుగానూ రాయొచ్చు. ఈ రెండోది సర్దడానికి నార్మలైజేషన్ అనే పద్ధతి పైథాన్‌లో సిద్ధంగా ఉంది, మొదటిదానికి అది కూడా పనిచేయదు, మనమే తీసేసుకోవాలి. పది నిమిషాల్లో ఇవన్నీ తెలిశాయి. మేం విడిగా కూర్చుని తవ్వితే ఎన్ని నెలలు పట్టేదో నేను చెప్పలేను.

ఆ మలయాళీ ఆయనే రెజెక్స్ అనే లైబ్రరీ గురించి, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన, మనం తెచ్చి వాడుకోగల కోడ్ గురించి చెప్పారు. పైథాన్‌తో వచ్చేది కాదు, విడిగా తెచ్చుకోవాలి. అందులో బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద ఎక్స్ రాస్తే, మనిషి కంటికి ఒకటిగా కనబడే ముక్కలను విడదీసి ఇస్తుంది. మా అమ్మాయి అక్కడికక్కడే ల్యాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని నడిపి చూసింది. వెం, క, ట, ల, క్, ష్, మి అని వచ్చింది. ఏడు. అప్పటి యూనికోడ్ నియమాల ప్రకారం పొల్లు తర్వాత ముక్క తెగుతుంది. అంటే పదిలోపు కోయమంటే మళ్లీ వచ్చేది అదే వెంకటలక్ష్. అందరం ఒక్క క్షణం నీరుగారిపోయాం. తర్వాత ఎవరో అన్నారు, పొల్లు పక్కన హల్లు ఉంటే తెంచొద్దని మనమే ఒక నియమం కలుపుదామని. పదకొండు పంక్తులు రాశాం. ఇప్పుడు క్ష్మి ముక్క కాకుండా నిలిచింది. పేరును కోసి చూస్తే వచ్చింది, 'వెంకటల'.

వ్యాకరణం ప్రకారం అందులో ఏ అక్షరమూ విరగలేదు. కానీ అది ఎవరి పేరూ కాదు.

అంతసేపూ పక్కన నిలబడి టీ తాగుతున్న ఒక పెద్దావిడ, ఎన్నో ఏళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి రిటైరయ్యారట, అప్పుడు అడిగారు. "అసలు ఆ పేరు ఎందుకమ్మా కోస్తున్నారు?" మా అమ్మాయి 70 లెక్క వివరించింది. దాటితే సందేశం రెండు ముక్కలుగా వెళుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది అని చెప్పింది. ఆవిడ సందేశం మొత్తం చూపించమన్నారు. చదివి, "విజయవంతంగా నమోదు చేయబడినది అనకపోతే పాలు విరిగిపోతాయా?" అన్నారు. పైగా పాలు బహువచనం కదా, చేయబడినవి అనాలి కదా అని కూడా అన్నారు.

ఆ మూడు మాటల పొడవు మేం ఎన్నడూ లెక్కపెట్టలేదు. అక్కడే లెక్కపెట్టాం. మధ్య ఖాళీలతో కలిపి 26 స్థానాలు. డెబ్భైలో ఇరవై ఆరు. ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్లలో ప్రతి పనికీ చివర కనబడే ఒక మర్యాద వాక్యాన్ని తెలుగులోకి దించుకుని, ఆ వాక్యాన్ని కాపాడటానికి ఒక మనిషి పేరును రెండేళ్లుగా కోస్తూ వచ్చాం. లీటర్లూ డబ్బూ కనబడుతుంటే నమోదయ్యాయని వేరే చెప్పాలా? ఆ రాత్రే దాన్ని తీసేశాం. "వెంకటలక్ష్మి గారూ, మీ పాలు 4.5 లీ. రూ.162.40". పేరు నిండుగా పట్టింది, ఇంకా ఇరవై ఆరు స్థానాలు మిగిలాయి. అందులో వెన్న శాతం కూడా చేర్చాం. పాలు పోసేవాళ్లు మమ్మల్ని మొదట్నుంచీ అడుగుతున్నది అదే, చోటు లేదని మేం చెబుతూ వచ్చిందీ అదే.

ఆ ప్రశ్న మా ఆఫీసులో ఎందుకు పుట్టలేదని చాలాసార్లు ఆలోచించాను. తెలివి తక్కువై కాదు. మాకు సమస్య చేతికి అందినప్పుడే 'స్ట్రింగును కోయడంలో తప్పు' అన్న పేరుతో అందింది, ఆ పేరుతోనే రెండేళ్లు దాన్ని వెతికాం. ఆ పెద్దావిడకు మా తప్పుల చిట్టాలో దాని నంబరు తెలియదు, మా కోడ్ తెలియదు. ఫోను పట్టుకున్న ఒక మనిషికి ఏం కనబడుతుందన్నదే ఆవిడ చూశారు. మా ఐదుగురం మూసిన వలయంలోనే నిలబడి ఉంటే ఆవిడ మా మధ్యకు వచ్చేవారు కాదు.

మిగతా సదస్సు గురించి ఎక్కువ చెప్పను. ముందురోజు వర్క్‌షాపుకు మాలో ఇద్దరికి డబ్బు కట్టాం, అది దండగ. ఇంటర్నెట్ అందక సగం సమయం ఇన్‌స్టాల్ చేసుకోవడంలోనే పోయింది. స్టాళ్లలో ఉద్యోగాల ఎర బాగానే వేశారు, నా జట్టులో ఎవరూ జారిపోకుండా నేను ఒక కన్నేసి ఉంచానని ఒప్పుకోవాలి. నడవల్లో అందరి నోటా నానిన సంగతి మాత్రం ఒకటుంది. పైథాన్‌ను పుట్టించిన గీడో వాన్ రోసమ్ ఆ జులైలోనే, ఆపరేటర్ అనే ఒక కొత్త గుర్తును భాషలో చేర్చడం మీద సాగిన వాదులాటతో విసిగి, ఇక తుది నిర్ణయాలు తాను తీసుకోనని పక్కకు తప్పుకున్నారు. తర్వాత ఎవరు నడుపుతారో అక్టోబరుకు ఇంకా తేలలేదు. ఎన్నికైన ఐదుగురి మండలి అన్న ఏర్పాటు డిసెంబరులో గానీ ఖాయం కాలేదు. పెద్దదిక్కు లేని ఇంట్లో అన్నదమ్ములు ఎలా మాట్లాడుకుంటారో అలా మాట్లాడుకున్నారు జనం, కొందరు బెంగగా, కొందరు ఇదే మంచిదని.

చివర జరిగే డెవ్ స్ప్రింట్లకు మాలో ఇద్దరం ఉండిపోయాం. అక్కడ ప్రసంగాలుండవు, ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ప్రాజెక్టుల వాళ్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు, వచ్చినవాళ్లు ఆ కోడ్ మీద పనిచేస్తారు. వాక్యాలను వెడల్పుకు తగ్గట్టు విరిచే ఒక చిన్న లైబ్రరీ బల్ల దగ్గర మా అమ్మాయి కూర్చుంది. ఆమె చేర్చింది ఒకే ఒక పరీక్ష, రెండు పంక్తులు, అందులో ఒక తెలుగు పేరు. ఎదురుగా కూర్చున్న ప్రాజెక్టు ఆయనకు తెలుగు రాదు. అది ఎక్కడ విరగకూడదో కాగితం మీద గీసి చూపించమన్నాడు. ఆమె క రాసి, కింద ష వత్తు రాసి, దాని కింద మ వత్తు రాసి, పైన గుడి పెట్టి, చుట్టూ ఒక గీత గీసింది. ఆయన ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని మార్పుతో పాటు జతచేశాడు. సదస్సులో మేం తీసిన ఫొటోలన్నీ పోయినా ఆ ఒక్కటీ ఎక్కడో ఉండే ఉంటుంది.

పైథాన్ 3కు మారడం మాకు ఆ తర్వాత పది నెలలు పట్టింది. ఆ పదకొండు పంక్తుల నియమం ఎస్సెమ్మెస్‌కు అక్కర్లేకపోయినా, సేకరణ కేంద్రంలో ఇచ్చే చిన్న ముద్రిత చీటీకి పనికొచ్చింది. ఆ కాగితం వెడల్పు మన చేతిలో ఉండదు, అక్కడ పొడుగాటి పేర్లు కోయక తప్పదు, కనీసం పొల్లు దగ్గర తెగకుండా చూసుకుంటున్నాం.

2023 సెప్టెంబరు చివర్లో పైకాన్ ఇండియా మళ్లీ హైదరాబాద్ వచ్చింది, ఈసారి కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూలో. ఇప్పుడు మెట్రోలోనే వెళ్లాం. అదే నెలలో యూనికోడ్ 15.1 విడుదలైంది. పొల్లుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని మధ్యలో తెంచకూడదన్న నియమం అందులో కొత్తగా చేరింది, ఆ నియమం వర్తించే లిపుల్లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగూ ఉంది. కాఫీ బల్ల దగ్గర మేం పదకొండు పంక్తుల్లో రాసుకున్నది ఇప్పుడు ప్రమాణంలోనే ఉంది. అప్పటి చిన్నమ్మాయి ఈసారి నలుగురు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మొదటి రోజే వాళ్లను నాలుగు హాళ్లకు విడగొట్టి పంపింది. మన పంక్తులు ఇక తీసేద్దామా అని నేనడిగితే, "చీటీ ముద్రించే చోట వాడే లైబ్రరీ కొత్త నియమాన్ని అందుకుందో లేదో చూడాలి అక్కా, ముందు వెంకటలక్ష్మి గారి పేరుతో పరీక్ష నడిపి చూస్తాను" అంది.

నమస్కారం. ఇక మీ ప్రశ్నలు అడగండి.